గోతం అడుగు ఇసుక

మా మామయ్య పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను చర్ల అవతల అడవిలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నాను. చేసింది మా ఆవిడే. ఏడుస్తూ ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. నేను నమ్మలేదు. అత్తమ్మకు చేశాను, ఎత్తలేదు. ఖమ్మం ఖానాపురం హవేలిలో వాళ్ల పక్కింటాయనకు చేశాను. "అవ్ అన్నా, పొద్దుగాలనే. చాయ్ తాగి కూసున్నడట, గట్లనే ఒరిగిండు" అన్నాడు. అప్పటికీ నాకు అనుమానమే. దవాఖానాకు తీసుకుపోయారా, డాక్టరు చూశాడా, నాడి పట్టుకున్నది ఎవరు అని అడిగాను. అవతల ఆయన మెల్లగా, "నువ్వు గూడ మీ మామ తీర్గనే అడుగుతున్నవే" అన్నాడు.

ఆ మాటతో నమ్మకం కుదిరింది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదే కూర్చుని ఏడ్చాను. నేను లైన్ ఇన్‌స్పెక్టర్ని. లైన్ ఆఫ్ చేశామని ఎవరు చెప్పినా టెస్టరు పెట్టి చూడనిదే తీగ ముట్టను. మామయ్యకు మాత్రం టెస్టరు అక్కర్లేదు. ఆయన చెయ్యే ఆయన టెస్టరు.

ఆయనను ఎరగని వాళ్లకు ముందు ఆ చెయ్యి గురించి చెప్పాలి. ఖమ్మం మార్కెట్ యార్డులో ఒక కమిషన్ దుకాణానికి మిర్చి చూసిపెట్టడం ఆయన పని. బస్తా మూతి విప్పగానే పైన కనబడే కాయ వైపు ఆయన కన్నెత్తి చూసేవారు కాదు. చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, బస్తాలోకి నిలువునా దూర్చి, అడుగున ఉన్న కాయ పిడికెడు పైకి తీసేవారు. తడి ఉందా, తాలు కలిసిందా, పోయినేటి సరుకు కలిపారా, అన్నీ ఆ పిడికిట్లోనే తేలేవి. ఏళ్ల తరబడి మిర్చిలో మునిగిన ఆ చేతిని కంటి దగ్గరికి పోనిచ్చేవారు కాదు. మా పాప పుట్టినప్పుడు ఎత్తుకోవడానికి కూడా ఎడమ చెయ్యే చాచారు.

బస్తా నచ్చితే మూతిని మెలిపెట్టి, పురికొస రెండు చుట్లు చుట్టి, కొసను మెలిక కిందికి దోపేవారు. కొస పట్టుకుని లాగితే ఒక్క ఊపున ఊడొచ్చే ముడి అది. నచ్చకపోతే మూతి తెరిచే ఉంచి, ఒక్క మాట అనకుండా పక్క బస్తా దగ్గరికి పోయేవారు. హమాలీలు ఆ ముడి చూశాకే బస్తా భుజానికెత్తేవారట.

ఇంట్లో కూడా అంతే. గ్యాస్ బండ తెచ్చిన పిల్లాడు మెట్లు దిగకముందే దాన్ని కాటాకు వేలాడదీసేవారు. పాలవాడు ఎదురుగా ఉండగానే పాలను గోటి మీద చుక్క వేసి చూసేవారు. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో అత్తమ్మ చెప్పినా ఆయన లెక్క ఆయనకు ఉండేది. "ఈయనతో కాపురం అంటే రోజూ పరీక్ష రాయడమే" అని అత్తమ్మ వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది. అది ఫిర్యాదో, గొప్పో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

మాది చర్చికి పోయే కుటుంబం. వాళ్లది మధిర వైపు నుంచి వచ్చి ఖమ్మంలో నిలదొక్కుకున్న పొలాల కుటుంబం. మా ఆవిడ నన్నే చేసుకుంటానని పట్టుబడితే మామయ్య అవుననలేదు, కాదనలేదు. ఒక్కరే మా ఊరొచ్చి, హోటల్లో టీ తాగి, కటింగ్ షాపులో గడ్డం గీయించుకుని, మా చర్చి వాచ్‌మెన్‌తో ముచ్చట పెట్టి, ఆఖరికి నేను స్తంభం ఎక్కి దిగేదాకా కింద నిలబడి చూసి వెళ్లిపోయారు. నేనేమో కరెంటు బిల్లు గొడవ మీద వచ్చిన పెద్దమనిషి అనుకున్నాను. పెళ్లి జరిగింది. ఆ తర్వాత కూడా ఆయన లెక్కలో నేను మూతి కట్టని బస్తానే. "బాబూ" అనేవారు, "మీరు" అనేవారు, మర్యాదకు ఏ లోటూ లేదు. కానీ నేను తెచ్చిన మామిడిపండ్ల సంచిని మాత్రం కింది నుంచి తడిమేవారు.

యార్డు పని మానేశాక ఆ చేతికి ఏమీ తోచలేదు. మా ఆవిడ ఒక గాజు చేపల తొట్టి కొని ముందు గదిలో పెట్టించింది. అడుగున పరచడానికి షాపువాడు నీలం రంగు రాళ్లు ఇచ్చాడు. మామయ్య వాటిని బకెట్లో నానేశారు. మర్నాటికి నీళ్లు నీలంగా తిరిగాయి. "చూశావా, రంగేసిన మిరపకాయలు!" అన్నారు అత్తమ్మతో, ఏదో పెద్ద దొంగను పట్టుకున్నట్టు. ఆ రోజు నుంచి ఆయనకు కొత్త యార్డు దొరికింది.

చేపల కన్నా నీళ్లలో పెరిగే మొక్కల మీదే ఆయన మనసు పడింది. రిబ్బను లాంటి పొడుగాటి ఆకుల మొక్కలు, చిన్న చిన్న గడ్డల నుంచి మొలిచే మొక్కలు. వాటి వేరు నిలవాలంటే ఇసుక కావాలి. ఎలాంటి ఇసుక అన్నదే ఆయన గొడవంతా. అడుగున చెరువు మట్టి పలచగా పరిచి, అది నీళ్లలోకి లేవకుండా పైన ఇసుక కప్పాలి. ఇసుక మరీ సన్నదైతే గట్టిపడిపోయి లోపల గాలి ఆడదు, మట్టి కుళ్లుతుంది. మరీ ముతకదైతే మొక్క నిలబడదు, చేపల పెంట రాళ్ల సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఈ సంగతులు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఫోన్లో వీడియోలు చూసేవారు గానీ, అందులో చెప్పేవాణ్ని నమ్మేవారు కాదు. "వాడు ఇసుక అమ్ముకునేవాడేమో, మనకేం తెలుసు" అనేవారు.

ఇల్లు కట్టేచోట కుప్ప నుంచి తెచ్చిన ఇసుకను రెండు వేళ్ల మధ్య నలిపి, "ఇది పుట్టిన ఇసుక కాదు, రాయి కొట్టి చేసింది. అంచులు కోసుకుంటున్నాయి చూడండి" అని వీధిలోనే పారబోశారు. లారీవాడు గోదావరి ఇసుక అని ఇచ్చినదాంట్లో మెరిసే ముక్కలు ఎక్కువున్నాయని వద్దన్నారు. ప్రతి ఇసుకనూ స్టీలు గ్లాసులో పోసి నిమ్మచెక్క పిండి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. బుస్సుమని బుడగలొస్తే అందులో సున్నమో, గవ్వల పొడో ఉన్నట్టు. ఆ నీళ్లలో మొక్కలు పాలిపోతాయి. తొట్టిలో పరిచిన తర్వాత కూడా వదిలేవారు కాదు. పొద్దున్నే చీపురు పుల్లతో ఇసుకను అక్కడక్కడా పొడిచి, బుడగ పైకొస్తే వంగి వాసన చూసేవారు. "పైకి అన్నీ బాగానే కనబడతాయి. లోపలేం కుళ్లుతుందో తెలుసుకోవద్దూ?" అనేవారు. అప్పుడు ఆయన చూపు తొట్టి మీద ఉండేదో, నా మీద ఉండేదో చెప్పలేను.

నాకు చర్లకు బదిలీ అయింది. ఆ మాట చెప్పగానే ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "మీ వైపు వాగుల్లో ఇసుక ఎలా ఉంటుంది బాబూ?" అని అడిగారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒకటి కావాలని అడగడం అదే మొదలు. ఎంత సంబరపడ్డానో నాకు తెలుసు. ఆ రోజే మనసులో అనుకున్నాను, నేను తెచ్చిన గోతానికి మామయ్య ముడి పడాలి. ముడి పడితే నేనూ ఆయన చూసి ఒప్పుకున్న సరుకే అయినట్టు.

అప్పుడు వానాకాలం. వాగు నిండుగా ఉంది. అంచునే తవ్వి గోతం నింపి, బండి వెనక కట్టుకుని బయల్దేరాను. అడవి దారిలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపారు.

"ఏమున్నదే గోతంల?"

"ఇసుక సార్."

"ఇసుకనా? అడివిలకెల్లి ఖమ్మంకు ఇసుక మోస్తున్నవా? ఖమ్మంల ఇసుక లేదా?"

"మా మామకు సార్. చేపలకు."

"చేపలు ఇసుక తింటయా?"

ఒకాయన నన్ను బండి దించి పక్కన నిలబెట్టాడు. ఇంకొకాయన పట్టా పరిచి గోతం బోర్లించాడు. ఇనుప చువ్వతో కుప్పను చిలికారు, ఏదో మిషను పెట్టి చూశారు, నా గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పారు. ఏమీ లేదని తేలాక వాళ్ల అనుమానం ఇంకా పెరిగింది. ఏమీ లేని ఇసుకను ఇంత దూరం మోసే మనిషిని నమ్మడం వాళ్లకూ కష్టమే గదా. ఆఖరికి అందులో పెద్దాయన, "నీ మామకు ఫోన్ చెయ్" అన్నాడు. చేసి స్పీకర్ పెట్టాను. పోలీసాయన చెక్‌పోస్టు మాట ఎత్తగానే మామయ్య అటు నుంచి మొదట అడిగింది, "ఇసుక కింద పోశారా? మళ్లీ ఎత్తేటప్పుడు దుమ్ము కలవనివ్వకండి" అని. పోలీసాయన ఫోన్ నాకిచ్చేసి, పో అని చెయ్యి ఊపాడు.

ఖమ్మం చేరాక మామయ్య చొక్కా చెయ్యి మడిచి అడుగు దాకా దూర్చారు. పిడికెడు తీసి నలిపారు. గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి ఊపి, కిటికీలో పెట్టారు. ఇసుక దిగింది గానీ దాని మీద వేలి మందాన బురద పేరుకుంది. "వాగుదే. కానీ అంచుది. నీళ్లు తగ్గాక మధ్యలోది తవ్వాలి" అన్నారు. గోతం మూతి తెరిచే ఉంచి లోపలికి వెళ్లిపోయారు. ఆ ఇసుక అత్తమ్మ పూలకుండీల్లోకి పోయింది.

నాకు ఒళ్లు మండింది. మర్నాడు డాబా మీద బట్టలు ఆరేస్తూ ఉండబట్టలేక అడిగాను.

"మామయ్యా, ఎవ్వరినీ నమ్మకుంట గిట్ల ఎట్ల బతుకుతరు?"

"మీరు తీగ ముట్టుకునే ముందు ఎవరి మాటైనా నమ్ముతారా?"

"అది కరెంటు గదా. నమ్మితే పాణం పోతది."

"ఇదీ అంతే బాబూ" అన్నారు. తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పారు. "యార్డులో వందల బస్తాలు ఉంటాయి. అన్నిట్లోనూ చెయ్యి పెడతామా? కొనాలనుకున్న దాంట్లోనే పెడతాం. అక్కర్లేని సరుకు మంచిదైతే మనకేం, పుచ్చిందైతే మనకేం?"

అప్పుడు ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అది నన్ను చాలా బాధపెట్టింది.

ఎందుకంటే ఈ ఎండాకాలం వాగు ఎండి సన్నటి పాయ మిగిలినప్పుడు, నడిమధ్యకు దిగి, పై పొరంతా తీసేసి, మోకాటి లోతు తవ్వి రెండో గోతం నింపాను. అక్కడి నీళ్లలోనే జల్లించి కడిగాను. మూతికి నా దగ్గరున్న పాత సర్వీసు వైరు ముక్క బిగించాను. అప్పటికి మామయ్య గుండె బలహీనపడింది. మంచం దిగొద్దు, వంగొద్దు, చెయ్యి చాచి బరువు లాగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ముందు గదిలో తొట్టి పక్కనే ఆయన మంచం వేశారు. నేను గోతం మోసుకుని లోపలికి పోయి, "వాగు నడిమిట్లది మామయ్యా. చూడుండ్రి" అన్నాను. విప్పి మంచం దగ్గరికి జరుపుదామని వైరు మీద చెయ్యి వేశాను.

"ఎందుకులెండి బాబూ. అక్కడ పెట్టండి" అని ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

చెయ్యి పెట్టలేదు. కనీసం కన్నెత్తి చూడలేదు. ఇంకొకరైతే మామ నన్ను నమ్మాడని పొంగిపోయేవారేమో. నేను ఆయన అల్లుణ్ని, నాకు డాబా మీది మాటే గుర్తొచ్చింది. అక్కర్లేని సరుకులో చెయ్యి పెట్టం. ఎక్కడ తేడా వచ్చింది? ఆ వారమే మా అమ్మ వచ్చి ఆయన మంచం దగ్గర ప్రార్థన చేసి పోయింది, అది నచ్చలేదా? వాళ్ల చుట్టాలెవరన్నా నా మీద ఏమన్నా చెప్పారా? మా ఆవిడను పక్కకు పిలిచి, "మీ నాయిన నా గురించి ఏమన్న అన్నడా?" అని అడిగాను. "నీకు కూడా ఆయన జబ్బే పట్టింది" అని విసుక్కుంది. జబ్బు మనిషికి ఓపిక లేదు, అంతే అంది. కానీ ఓపిక లేని మనిషి ఆ సాయంత్రం అత్తమ్మ ఇచ్చిన మాత్రను వెలుతురుకు పట్టి, దాని మీది పేరు చదివి గానీ మింగలేదు. అది నా కళ్లతో చూశాను.

మర్నాడు పొద్దున వంటింట్లో ఇంకో గొడవ. అత్తమ్మ నిమ్మకాయ కోసి, సగం వాడి, మిగతా సగం గిన్నె కింద బోర్లించిందట. ఆ సగం కనబడటం లేదు. పనామెను అడిగింది, నన్ను అడిగింది. "సగం చెక్కకు రెక్కలొస్తాయా?" అని మామయ్యను కూడా అడిగింది. "నన్నడుగుతావేం, నేను మంచం దిగితేగా!" అని ఆయన గయ్యిమన్నారు. ఆ ఇంట్లో అనుమానాలు కొత్త కాదు గనుక నేను బండి తీసి చర్లకు బయల్దేరాను. ప్రాణంతో ఆయనను చూడటం అదే ఆఖరు.

కార్యక్రమాలన్నీ వాళ్ల పద్ధతిలో జరిగాయి. నేను చివర నిలబడ్డాను. వచ్చినవాళ్లు భుజం తట్టి, "మీరంటే ఆయనకెంత నమ్మకమో" అన్నారు. ఒక్కరి మాటా నమ్మలేదు. ఫొటోలో ఉన్న మామయ్య కూడా, పైకాయ చూపించి మోసం చేస్తున్నారు జాగ్రత్త, అన్నట్టే చూస్తున్నారు.

పెద్దకర్మ అయిన మర్నాడు అత్తమ్మ తొట్టి ముందు కూర్చుని ఉంది. పాత ఇసుక అక్కడక్కడా నల్లబడింది. ఇన్ని రోజులూ చీపురు పుల్లతో పొడిచినవాళ్లు లేరు. "ఎవరికన్నా ఇచ్చేద్దామా అల్లుడుగారూ?" అంది. ఆమె గొంతులో ఇవ్వాలని లేదు. "కొత్త ఇసుకున్నది గదా అత్తమ్మా, మారుస్త" అని మూలనున్న గోతాన్ని ముందుకు లాగాను.

మూతికి నా వైరు లేదు.

"ఈ గోతం ఎవరన్న ఇప్పిన్రా?"

"మేమెందుకు విప్పుతామండీ? మీరు పెట్టింది పెట్టినట్టే ఉంది."

పెట్టినట్టు లేదు. మూతి మెలిపెట్టి ఉంది. పురికొస రెండు చుట్లు చుట్టి ఉంది. కొస మెలిక కిందికి దోపి ఉంది. మామయ్య ముడి. అయినా ఒక్క ముడి చూసి నమ్మేస్తానా? కొస లాగాను, ఒక్క ఊపున ఊడొచ్చింది. చొక్కా చెయ్యి మడిచి నిలువునా లోపలికి దూర్చాను. మోచెయ్యి దిగింది, భుజం మూతికి ఆనింది. అడుగున వేళ్లకు ఇసుక కానిది ఏదో తగిలింది. పట్టి పైకి తీశాను. ఎండి, ముడుచుకుపోయి, నల్లబడిన నిమ్మచెక్క.

డాక్టరు వద్దన్నా, అత్తమ్మ కళ్లు కప్పి, ఆ మనిషి మంచం దిగాడు. గోడ పట్టుకుని వంటింటి దాకా పోయి వచ్చాడు. ఆ పాడు గుండెతో వంగి, గోతం అడుగు దాకా చెయ్యి పెట్టాడు. పిండి, విని, అత్తమ్మకు దొరకకుండా చెక్కను అందులోనే పూడ్చి, ముడి వేశాడు. నన్ను నమ్మలేదు. ఆఖరి దాకా నమ్మలేదు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. నేను ఆయనకు కావాల్సినవాణ్నే.

"అత్తమ్మా, నీ నిమ్మకాయ దొరికింది" అన్నాను.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఫొటో వైపు తిరిగి, "మంచం దిగలేదన్నావే! నా మొహం మీదే అబద్ధం చెప్పావే!" అని బావురుమంది. లోపలి నుంచి మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. నేను పురికొసను చుట్టి జేబులో పెట్టుకున్నాను.

కాస్త తేరుకున్నాక అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇక తొట్టిలో పొయ్యండి, ఆయన చూశారుగా" అంది. నేను లేచి వంటింట్లోకి పోయి ఒక స్టీలు గ్లాసూ, ఒక నిమ్మకాయా తెచ్చాను.

"మళ్లీ ఎందుకండీ?"

"ఆయన చూసిండని మనం అనుకుంటున్నం. చూడాలె గదా అత్తమ్మా."

ఆమె కాదనలేదు. అడుగు నుంచి పిడికెడు తీసి గ్లాసులో వేసి, నిమ్మకాయ కోసి పిండాను. తొట్టి పక్కన, ఖాళీ మంచం అంచు మీద ముగ్గురం తలలు దగ్గర పెట్టి గ్లాసు మీదికి వంగి, బుడగలు వస్తాయేమోనని ఊపిరి బిగబట్టి వింటూ కూర్చున్నాం.